ఒకే కందకం, రెండు జబ్బులు

మొదటి ప్రపంచ యుద్ధం రెండో ఏడులో పడేసరికి బ్రిటిష్ సైన్యానికి అంతుపట్టని సమస్య ఒకటి ఎదురైంది. ఒంటి మీద గాయం ఉండదు, ఎముక విరగదు, అయినా మనిషి యుద్ధానికి పనికిరాడు. ఒకడికి మాట పడిపోయింది. ఒకడికి కాళ్లు చచ్చుబడ్డాయి. ఇంకొకడికి కంటి మీద కునుకు లేదు. కునుకు పడితే కేకలు వేస్తూ లేస్తాడు. దగ్గర్లో ఫిరంగి గుండు పేలినప్పుడు మెదడు అదిరిపోయి ఇలా అవుతోందని డాక్టర్లు మొదట అనుకున్నారు. అందుకే షెల్ షాక్ అని పేరు పెట్టారు. గుండు పేలిన చోటుకు ఎంతో దూరంలో ఉన్నవాళ్లలోనూ అవే లక్షణాలు కనిపించాక ఆ లెక్క తప్పింది.

ఈ రోగులకు వైద్యం చేసినవారిలో విలియం రివర్స్ ఒకరు. ఆయన డాక్టరే కాదు, మానవశాస్త్రజ్ఞుడు కూడా. యుద్ధానికి చాలా ముందే మన నీలగిరులకు వచ్చి, తోడా ఆదివాసుల మధ్య తిరిగి, వాళ్ల బంధుత్వాల గురించీ ఆచారాల గురించీ 1906లో పెద్ద గ్రంథం వెలువరించారు. 1915లో లివర్‌పూల్ దగ్గరి సైనిక ఆస్పత్రిలో మామూలు సిపాయిలను చూశారు. మరుసటి ఏడాది నుంచి ఎడిన్‌బరో శివారులోని క్రెయిగ్‌లాక్‌హార్ట్ ఆస్పత్రిలో అధికారులను చూశారు. ఆ కాలపు సైన్యంలో అధికారి అంటే చాలావరకు కలిగిన కుటుంబంలో పుట్టి, ఖరీదైన హాస్టల్ బడిలో చదివిన యువకుడు. సిపాయి అంటే గనిలోనో మిల్లులోనో పొలంలోనో పనిచేసిన మనిషి.

ఇద్దరూ ఒకే కందకంలో, ఒకే బురదలో నిలబడ్డారు. జబ్బు మాత్రం ఇద్దరికీ ఒకేలా రాలేదు. సిపాయిల్లో మూగతనం, పక్షవాతం లాంటివి ఎక్కువ. అధికారుల్లో తెగని ఆందోళన, పీడకలలు, తన మీద తనకే నమ్మకం పోవడం, తన తప్పు వల్ల తనవాళ్లు చచ్చిపోతారేమోననే భయం ఎక్కువ.

రివర్స్ దీనికి చెప్పిన కారణం ఇప్పటికీ ఆలోచింపజేస్తుంది. అధికారి చిన్నప్పటి నుంచీ భయాన్ని బయటపెట్టడం సిగ్గుచేటని నేర్చుకున్నాడు. యుద్ధంలో తన కింద ఉన్న యాభై మంది ముందు నిబ్బరంగా కనిపించడమే అతని ఉద్యోగం. కాబట్టి భయాన్ని లోపలికి తొక్కుతాడు, అది లోపలే తిరుగుతూ నిద్రను తినేస్తుంది. మూగవాడైపోదామంటే అతని బాధ్యతే ఒప్పుకోదు. ఆజ్ఞ ఇవ్వాల్సిన నోరు అది. సిపాయికి నేర్పింది విధేయత. చెప్పింది చేయడమే తప్ప ఎదురు చెప్పే వీలు లేనివాడికి, పారిపోయే దారి లేనివాడికి శరీరమే దారి చూపించింది. మాట పడిపోయినవాడిని, నడవలేనివాడిని ఎవరూ మళ్లీ ముందు వరుసకు పంపరు. ఇందులో నటన లేదు. అతనికి తెలియకుండానే అది జరిగింది.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. డాక్టర్లు కూడా ఆ సమాజంలోంచి వచ్చినవాళ్లే. ఒకే రకం లక్షణాలకు సిపాయి విషయంలో హిస్టీరియా అనీ, అధికారి విషయంలో కాస్త గౌరవంగా న్యూరస్తీనియా అనీ రాసిన సందర్భాలు ఉన్నాయని తర్వాతి చరిత్రకారులు చూపించారు. అంటే రోగిని మలిచిన సమాజమే రోగ నిర్ధారణనూ కొంత మలిచింది. రెంటినీ కలిపి చూసినా రివర్స్ లేవనెత్తిన సంగతి నిలబడే ఉంది. మనసు దెబ్బతినడానికి యుద్ధం కారణం కావచ్చు. అది ఏ తీరున దెబ్బతింటుందనేది మాత్రం ఆ మనిషిని పెంచిన ఇల్లు, బడి, అంతస్తు మీద ఆధారపడింది.

ఈ సంగతి మనోవిశ్లేషణకు ఆద్యుడైన సిగ్మండ్ ఫ్రాయిడ్‌కు తెలియదని అనలేం. 1908లోనే ఆయన ఒక వ్యాసంలో, నాగరిక సమాజం కామం మీద పెట్టే కట్టుబాట్లే ఆ కాలపు మానసిక రుగ్మతలకు మూలమని వాదించారు. వియన్నాలో మర్యాదస్తుల ఇళ్ల ఆడవాళ్లు పెళ్లికి ముందు ఏమీ తెలియకుండా పెరిగి, పెళ్లయ్యాక అన్నీ తెలిసినట్టు నడుచుకోవాల్సి రావడం ఎంత హింసో ఆయన కళ్లారా చూశారు. 1930లో వచ్చిన ఆయన పుస్తకం ఇదే వాదాన్ని మానవజాతి మొత్తానికీ విస్తరించింది. నాగరికత నిలబడాలంటే మనిషి తన కోరికలను, తన దౌర్జన్యాన్ని అణచుకోవాలి. ఆ అణచివేతకు చెల్లించే మూల్యమే అపరాధ భావం, అశాంతి.

ఫ్రాయిడ్ లెక్కలో నాగరికత ఎక్కడైనా ఒక్కటే. అది అడ్డుకట్ట. ఎక్కడో కాస్త ఎత్తు, ఎక్కడో కాస్త తక్కువ, అంతే తేడా. దాని వెనక ఉన్న ప్రవాహం, అంటే పుట్టుకతో వచ్చే ప్రేరణలు, మనిషి ఎక్కడ పుట్టినా అవే. తండ్రితో పోటీ, తల్లి మీద మమకారం కలిసిన ఈడిపస్ కాంప్లెక్స్ కూడా అన్నిచోట్లా అదే.

ఈ ధీమాకు తొలి గట్టి దెబ్బ పసిఫిక్ ద్వీపాల నుంచి తగిలింది. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో ట్రోబ్రియాండ్ దీవుల్లో గడిపిన మానవశాస్త్రజ్ఞుడు బ్రోనిస్లా మలినోస్కీ అక్కడ వంశం తల్లి వైపు నుంచి నడవడం గమనించారు. పిల్లవాడిని దండించే అధికారం మేనమామది. తండ్రి ఆడించే స్నేహితుడు. అక్కడి మగపిల్లల కోపం, కలల్లో కనిపించే శత్రుత్వం తండ్రి మీద కాక మేనమామ మీదికి మళ్లుతాయని ఆయన 1927లో వచ్చిన పుస్తకంలో వాదించారు. ఫ్రాయిడ్ శిష్యుడు ఎర్నెస్ట్ జోన్స్ ఒప్పుకోలేదు. తండ్రి మీది ద్వేషాన్నే మేనమామ మీదికి మళ్లించారని ఆయన అన్నారు. ఈ తగవు నిజానికి తీరలేదు. కానీ కుటుంబం తీరు మారితే మనసు తీరూ మారుతుందేమోననే అనుమానం మనోవిశ్లేషణలో అప్పటి నుంచి పాతుకుపోయింది.

ఆ అనుమానాన్ని సిద్ధాంతంగా నిలబెట్టినవారిలో నా దృష్టిలో అందరికన్నా ముందు చెప్పాల్సిన పేరు కరెన్ హార్నై. 1885లో జర్మనీలో, హాంబర్గ్ దగ్గర పుట్టారు. తండ్రి ఓడ కెప్టెన్, మతనిష్ఠ ఉన్న కఠినుడు. ఆడపిల్లలకు జర్మన్ విశ్వవిద్యాలయాలు అప్పుడప్పుడే తలుపులు తెరుస్తున్న రోజుల్లో, 1906లో ఆమె ఫ్రైబర్గ్‌లో వైద్యవిద్యలో చేరారు. పెళ్లి, ముగ్గురు కూతుళ్లు, ఆ మధ్యలోనే డాక్టర్ పట్టా. 1920లో మొదలైన బెర్లిన్ మనోవిశ్లేషణ సంస్థలో తొలినాటి నుంచీ ఉన్నారు.

ఆమె తొలి తిరుగుబాటు ఆడవాళ్ల గురించే. ఆడపిల్ల తనకు పురుషాంగం లేదనే కొరతతో పెరుగుతుందనీ, ఆ అసూయే స్త్రీ స్వభావానికి పునాది అనీ ఫ్రాయిడ్ చెప్పారు. 1926లో రాసిన వ్యాసంలో హార్నై ఒక పట్టిక వేశారు. ఆడపిల్లల గురించి చిన్న మగపిల్లవాడు ఊహించుకునే విషయాలు ఒకవైపు, ఆడపిల్లల ఎదుగుదల గురించి మనోవిశ్లేషకులు చెబుతున్న శాస్త్రం ఇంకోవైపు. రెండూ అచ్చంగా సరిపోయాయి. ఇంతకన్నా పదునైన విమర్శ ఆ రోజుల్లో ఇంకొకటి రాలేదనుకుంటాను. చదువు, ఆస్తి, ఓటు, గౌరవం అన్నీ మగవాడి చేతిలో ఉన్న సమాజంలో ఆడపిల్ల మగవాడిలా ఉండాలని కోరుకుంటే, దానికి కారణం శరీర నిర్మాణంలోనే వెతకనక్కర్లేదని ఆమె వాదన. పైగా బిడ్డను కనలేని లోటు మగవాడికి ఉండదా, ఆ అసూయ మాటేమిటని ఎదురడిగారు.

1932లో ఆమె అమెరికా వెళ్లారు. చికాగోలో కొత్తగా పెట్టిన మనోవిశ్లేషణ సంస్థకు ఫ్రాంజ్ అలెగ్జాండర్ ఆహ్వానించారు. అది మహామాంద్యం కాలం. మరుసటి ఏడాదికల్లా అమెరికాలో పనిచేయగలిగినవాళ్లలో నాలుగో వంతు మందికి పని లేదు. బెర్లిన్‌లో తాను చూసిన రోగులకూ ఇక్కడి రోగులకూ మధ్య తేడా ఆమెకు కొట్టొచ్చినట్టు కనిపించింది. కామాన్ని అణచుకోవడం వల్ల వచ్చిన బాధల కన్నా, ఓడిపోతానేమో, వెనకబడతానేమో, ఎవరికీ అక్కర్లేనివాడిగా మిగులుతానేమో అనే బాధలు ఇక్కడ ఎక్కువ. పుట్టుకతో వచ్చే ప్రేరణలు అట్లాంటిక్ దాటగానే మారవు కదా. మారింది సమాజం. 1934లో న్యూయార్క్ చేరాక మనోవిశ్లేషకుడు ఎరిక్ ఫ్రామ్ సాన్నిహిత్యం, రూత్ బెనెడిక్ట్, మార్గరెట్ మీడ్ లాంటి మానవశాస్త్రజ్ఞులతో పరిచయం ఆ ఆలోచనకు బలమిచ్చాయి. 1937లో ‘మన కాలపు న్యూరోటిక్ వ్యక్తిత్వం’ అనే అర్థం వచ్చే పేరుతో ఆమె పుస్తకం వచ్చింది.

ఆ పుస్తకం ముందుగా అడిగే ప్రశ్న చాలా సూటిది. ఎవరిని న్యూరోటిక్, అంటే మానసిక జబ్బుమనిషి అంటాం? చనిపోయిన తాతతో మాట్లాడానని చెప్పేవాడిని ఒక సమాజం ఆస్పత్రికి తీసుకెళ్తుంది, మరో సమాజం దండం పెడుతుంది. జీతం పెరిగే ఉద్యోగం వద్దన్నవాడిని న్యూయార్క్‌లో అనుమానంగా చూస్తారు. తోటివారికన్నా పైకెదగాలని తహతహలాడేవాడిని అమెరికాలోని ప్యూబ్లో ఆదివాసుల్లో అనుమానంగా చూస్తారు. కాబట్టి లక్షణాన్ని బట్టి చెప్పలేం. హార్నై రెండు గుర్తులు చెప్పారు. ఒకటి, బిగుసుకుపోయిన తీరు: పరిస్థితి ఏదైనా ఒకేలా స్పందించడం, అనుమానించాల్సిన చోటా అక్కర్లేని చోటా ఒకేలా అనుమానించడం. రెండు, ఆ మనిషికి ఉన్న శక్తికీ అతను సాధించినదానికీ మధ్య పూడని అంతరం. అన్నీ ఉండి కూడా తన దారికి తానే అడ్డుపడుతున్నాననే భావన.

దీని వేళ్లు బాల్యంలో ఉన్నాయని ఆమె కూడా ఒప్పుకుంటారు. కానీ బాల్యంలో ఏముంది? ఫ్రాయిడ్‌కు కోరికల చరిత్ర కనిపించిన చోట హార్నైకి సంబంధాల చరిత్ర కనిపించింది. పైకి ప్రేమ, లోపల నిరాదరణ, మాట ఇచ్చి తప్పడం, ఒక బిడ్డను నెత్తిన పెట్టుకుని ఇంకో బిడ్డను తక్కువ చేయడం, నవ్వులపాలు చేయడం. ఇలాంటి ఇంట్లో పిల్లవాడికి కోపం వస్తుంది. కానీ ఎవరి మీద కోపం వచ్చిందో వాళ్లే అన్నం పెట్టేవాళ్లు. కోపం చూపిస్తే ఆ కాస్త ఆసరా పోతుంది. అందుకని కోపాన్ని మింగుతాడు. మింగిన కోపం బయటి ప్రపంచం మీదికి పాకుతుంది. లోకమంతా తనకు కీడు తలపెట్టిందనీ, అందులో తాను ఒంటరిననీ, నిస్సహాయుడిననీ అనిపించడం మొదలవుతుంది. ఈ స్థితికి ఆమె మూలాందోళన అని పేరు పెట్టారు.

ఇక్కడి నుంచి ఒక విషవలయం మొదలవుతుంది. హార్నై పుస్తకాలన్నిటిలోకీ నాకు విలువైనదిగా తోచే పేజీలు ఇవే. భయపడ్డ మనిషి ఆసరా కోసం ప్రేమను వెతుక్కుంటాడు. అతనికి కావలసింది మామూలు ప్రేమ కాదు, భయాన్ని పూర్తిగా పోగొట్టే ప్రేమ. అది షరతుల్లేనిదై ఉండాలి, ఎప్పుడూ అందుబాటులో ఉండాలి, ఇంకెవరికీ వాటా ఉండకూడదు. అలాంటిది ఎవరూ ఇవ్వలేరు. భార్య ఫోన్ ఎత్తడం కాస్త ఆలస్యమైతే అది తిరస్కారంగా తోస్తుంది. తిరస్కారం కోపం తెప్పిస్తుంది. కోపం చూపిస్తే ఉన్న ప్రేమ కూడా పోతుందనే భయంతో దాన్ని మళ్లీ మింగుతాడు. మింగిన కోపం ఆందోళనను పెంచుతుంది. పెరిగిన ఆందోళనకు ఇంకా ఎక్కువ ప్రేమ కావాలి. ప్రేమ ఒక్కటే కాదు, అధికారం, పేరు, డబ్బు కూడా ఇలాగే ఆందోళనకు మందులా పనిచేస్తాయి, ఇలాగే ఎంత మింగినా చాలవు. కొందరు లొంగిపోయి నెట్టుకొస్తారు. కొందరు ఎవరి దగ్గరా ఏమీ ఆశించకుండా దూరంగా జరిగిపోతారు.

ఇంతవరకూ ఇది ఒక ఇంటి కథ. ఇందులో సమాజం ఎక్కడుంది? పుస్తకం చివరి అధ్యాయం దానికి జవాబు. న్యూరోటిక్ మనిషి లోపల పడే పెనుగులాటలు అతను కల్పించుకున్నవి కావు, సమాజం అందరి ముందూ పెట్టినవే అంటారు హార్నై. అమెరికన్ సమాజంలో ఆమె మూడు వైరుధ్యాలు ఎత్తి చూపారు. మొదటిది, బతుకంతా పోటీ అని నేర్పే సమాజమే పొరుగువాడిని ప్రేమించమనీ, అణకువగా ఉండమనీ బోధిస్తుంది. రెండోది, ప్రకటనలు రోజూ కొత్త కోరికలు పుట్టిస్తాయి, జేబు వాటిని తీర్చలేదు. మూడోది, నీ బతుకు నీ చేతుల్లోనే ఉందని చెబుతారు, నిజానికి పుట్టిన ఇల్లు, ఉన్న డబ్బు, దొరికే పని చాలా సంగతులను ముందే తేల్చేస్తాయి. మామూలు మనిషి ఈ వైరుధ్యాల మధ్య ఎలాగో సర్దుకుపోతాడు. బాల్యంలోనే దెబ్బతిన్నవాడు సర్దుకోలేడు. అందరూ కాస్త కాస్త మోసే బరువు అతని మీద మొత్తంగా పడుతుంది. మూడో వైరుధ్యం అన్నిటికన్నా క్రూరమైనదని నాకనిపిస్తుంది. పని దొరకనివాడు మాంద్యాన్ని నిందించకుండా తనను తానే నిందించుకునేలా చేసేది అదే.

ఈ మాటలు చదువుతుంటే ఇంటర్ ఫలితాల మర్నాడు మన దినపత్రికల నిండా పరుచుకునే ర్యాంకుల ప్రకటనలు గుర్తుకు రాకుండా ఉండవు. వరుసగా ఫోటోలు, పక్కన అంకెలు. ఆ పేజీలో చోటు దొరకని లక్షలమంది పిల్లలకు అదే రోజు ఇంట్లో, కాలేజీలో చెప్పే మాట ఒక్కటే: కష్టపడితే ఎవరికైనా వస్తుంది. రాలేదంటే కష్టపడలేదని అర్థం. మొదటి వంద ర్యాంకులు వందమందికే వస్తాయన్న చిన్న లెక్కను ఆ పిల్లలకు ఎవరూ చెప్పరు.

1950లో వచ్చిన చివరి పెద్ద గ్రంథంలో హార్నై ఇంకో మెట్టు లోపలికి దిగారు. ఆందోళనతో పెరిగినవాడు తనకో ఆదర్శ రూపం కల్పించుకుంటాడు. నేను ఎప్పుడూ ఓపికగా ఉండాలి, ఎవరినీ నొప్పించకూడదు, అన్నీ తెలిసి ఉండాలి, ఎవరి సాయమూ అడగకూడదు. ఈ ‘ఉండాలి’లకు అంతు లేదు, మినహాయింపు లేదు. వాటిని అందుకోలేని తన అసలు మనిషిని అతను అసహ్యించుకోవడం మొదలుపెడతాడు. ఆ ఆదర్శ రూపానికి ముడిసరుకు మాత్రం సమాజానిదే. ఒక చోట అది విజేత, ఇంకో చోట త్యాగమూర్తి, మరో చోట వంశోద్ధారకుడు.

ఈ చివరి రూపాన్ని, హార్నై గ్రంథం రాకముందే 1940లలో, తెలుగులో గోపీచంద్ ‘అసమర్థుని జీవయాత్ర’లో గీశారు. సీతారామారావు నెత్తిన ఉన్నది వంశ ప్రతిష్ఠ. దాన్ని నిలబెట్టడానికి ఆస్తి కరగబెడతాడు. ఆస్తి పోయాక మిగిలిన మామూలు మనిషిగా బతకడం అతనికి చేతకాదు. చుట్టూ ఉన్న అందరి మీదా, చివరికి తన మీదా కత్తి దూస్తాడు. ఆ నవలను తొలి మనోవైజ్ఞానిక నవల అని మనవాళ్లు మెచ్చుకుంటారు. అది మనసు గురించి ఎంత చెప్పిందో, కలిగిన రైతు కుటుంబం తన కొడుకు మీద మోపే బరువు గురించి కూడా అంతే చెప్పింది.

హార్నై తన ఆలోచనలకు మూల్యం చెల్లించారు. 1939లో ఫ్రాయిడ్ సిద్ధాంతాన్ని అంశాలవారీగా విమర్శిస్తూ ఆమె రాసిన పుస్తకం న్యూయార్క్ మనోవిశ్లేషణ సంస్థలోని పెద్దలకు మింగుడు పడలేదు. 1941లో సభ్యులు ఓటింగ్ పెట్టి, కొత్త విశ్లేషకులకు శిక్షణ ఇచ్చే హోదాను ఆమె నుంచి తీసేశారు. ఆమె మరికొందరితో కలిసి సంస్థను వదిలి సొంత సంస్థ పెట్టుకున్నారు. రెండేళ్లు తిరక్కుండానే ఆ కొత్త సంస్థ, వైద్య పట్టా లేదన్న కారణంతో ఎరిక్ ఫ్రామ్‌కు పాఠాలు చెప్పే హక్కును తొలగించింది. ఆయనతోపాటు హ్యారీ స్టాక్ సలివన్, క్లారా థామ్సన్ కూడా వెళ్లిపోయారు. ఆలోచనల్లో అంత దగ్గరగా ఉన్నవాళ్లు అలా చెదిరిపోవడం ఆ ఉద్యమానికి పెద్ద నష్టమే.

విమర్శ ఇంకోవైపు నుంచి కూడా వచ్చింది. తత్వవేత్తలు థియొడర్ అడోర్నో, ఆ తర్వాత 1955లో హెర్బర్ట్ మార్క్యూజ్, ఫ్రాయిడ్‌ను ‘సవరించిన’ వీళ్లందరి మీదా గట్టిగా దాడి చేశారు. కామాన్నీ సహజ ప్రేరణలనూ పక్కన పెట్టేస్తే, సమాజానికి లొంగని భాగమంటూ మనిషిలో ఏమీ మిగలదనీ, చివరికి ఇది రోగిని అదే సమాజానికి సర్దుబాటు చేసే వైద్యంగా మారుతుందనీ వాళ్ల అభియోగం. ఇందులో పస ఉంది. హార్నై వైరుధ్యాలను స్పష్టంగా చూశారు గానీ, వాటిని ఎవరు నిలబెడుతున్నారు, ఎవరికి లాభం అని అడగలేదు. ఫ్రామ్ ఆ ప్రశ్న దగ్గరకు కాస్త ఎక్కువే వెళ్లారు.

శాస్త్రం కోణంలో నాకు ఇంతకన్నా పెద్దగా కనిపించే లోపం వేరే ఉంది. సంస్కృతి మనిషిని మలుస్తుందన్న మాట ఎంత నిజమో, దాన్ని అతిగా చెప్పడం అంత తేలిక. ఏడాది వయసు పిల్లలను తల్లి కాసేపు గదిలో వదిలివెళ్లి తిరిగి వచ్చినప్పుడు వాళ్లు ఎలా ప్రవర్తిస్తారో చూసే పరీక్ష ఒకటి ఉంది. దాన్ని మనస్తత్వ శాస్త్రవేత్త మేరీ ఎయిన్స్‌వర్త్ రూపొందించారు. ఎనిమిది దేశాల్లో దాదాపు 2,000 మంది తల్లీబిడ్డల మీద జరిగిన అలాంటి పరిశీలనలను ఇద్దరు డచ్ పరిశోధకులు 1988లో కలిపి లెక్కగట్టారు. దేశానికీ దేశానికీ మధ్య తేడా ఉంది. కానీ ఒకే దేశం లోపల కనిపించిన తేడా దానికి సుమారు ఒకటిన్నర రెట్లు. జపాన్ పిల్లలు ఇలా, జర్మన్ పిల్లలు అలా అని గీతలు గీసేవాళ్లు ఈ అంకెను దగ్గర పెట్టుకోవాలి. ‘సంస్కృతి’ అనగానే దేశం మొత్తాన్నీ ఒక మూసలో పోయడం కాదు. ఏ ఒత్తిడి, ఎవరి మీద, ఏ దారిలో పడుతోందో చూపించగలగాలి. అమెరికన్ మానసిక వైద్యుల రోగ నిర్ధారణ గ్రంథం 1980 ముద్రణలో న్యూరోసిస్‌ను ఒక విభాగంగానే ఎత్తేయడానికి కూడా ఇలాంటి అసంతృప్తే కారణం: కారణాల గురించి పెద్ద మాటలు చాలా ఉన్నాయి, పరీక్షించి చూపే దారులు తక్కువ.

సంస్కృతి ఒత్తిడి పడే దారిని నిర్దిష్టంగా చూపించిన ఒక ప్రయత్నం మన దేశం నుంచే వచ్చింది. కలకత్తాలో గిరీంద్రశేఖర్ బోస్ 1922లోనే భారత మనోవిశ్లేషణ సంఘాన్ని స్థాపించి, ఇక్కడి రోగుల్లో యూరప్ రోగుల్లో ఉన్నంత తీవ్రంగా కొన్ని భయాలు కనిపించడం లేదని ఫ్రాయిడ్‌కే ఉత్తరం రాశారు. అలాంటి తేడాలు ఎందుకన్న ప్రశ్నకు 1978లో మనోవిశ్లేషకుడు సుధీర్ కక్కర్ తన తొలి ముఖ్యమైన పుస్తకంలో ఒక జవాబు ఇచ్చారు. ఉమ్మడి కుటుంబంలోకి కోడలిగా వచ్చిన అమ్మాయికి మొదట్లో ఇంట్లో అందరికన్నా చివరి స్థానం. అత్త, ఆడపడుచులు, తోడికోడళ్లు, అందరూ ఆమెకన్నా పైన. భర్తతో నలుగురిలో మాట్లాడటానికి కూడా సంకోచం. కొడుకు పుట్టిన రోజు ఆమె స్థానం మారిపోతుంది. తనకు ఆ ఇంట్లో చోటు సంపాదించి పెట్టిన ఆ బిడ్డ మీద ఆమె పెట్టుకునే మమకారం మామూలు తల్లి ప్రేమకన్నా బరువైనది. భర్త దగ్గర దొరకని దగ్గరితనం కూడా అందులో కలుస్తుంది. ఆ బిడ్డ ఏళ్ల తరబడి తల్లి ఒడిలోనే పెరిగి, ఒక్కసారిగా మగవాళ్ల ప్రపంచంలోకి వచ్చిపడతాడు. పెద్దయ్యాక అతనిలో కనిపించే ఆధారపడే గుణాన్నీ, తల్లి రూపం పట్ల ఒకేసారి కలిగే భక్తినీ భయాన్నీ కక్కర్ ఇక్కడి నుంచే వివరించారు.

ఆయన చూసిన రోగులు ఎక్కువగా ఉత్తరాది పట్టణాల పైకులాలవాళ్లు. మేనరికాలు మామూలైన తెలుగు, తమిళ కుటుంబాల్లో కోడలు చాలాసార్లు మేనమామ ఇంటికో మేనత్త ఇంటికో వెళ్తుంది. పుట్టినప్పటి నుంచీ తెలిసిన గడప అది. అక్కడ కోడలి స్థానం అంత కింద మొదలుకానప్పుడు కొడుకు మీద పడే బరువు కూడా కాస్త తేలికగా ఉండాలి. ఉద్యోగం చేస్తూ, భర్తతో హైదరాబాద్ ఫ్లాట్‌లోనో డల్లాస్ శివారులోనో వేరు కాపురం ఉంటున్న తల్లికి ఇంట్లో చోటు కోసం కొడుకు పుట్టుక అవసరం లేదు. ఆ కొడుకు మోసేది ఇంకో రకం బరువు, బహుశా హార్నై చెప్పిన పోటీది. కక్కర్ వివరణ సరైనదైతే ఈ మూడు రకాల ఇళ్లలో పెరిగిన మగపిల్లల మనసుల్లో తేడా కనిపించాలి. కనిపించకపోతే వివరణను మార్చుకోవాలి.